ఆకుపచ్చ ఎక్కడి సరుకు?



సున్నం పాలు ఎక్కువున్న నేలలో శెనక్కాయ వేసిన రాయలసీమ రైతుకు ఒక తెగులు లాంటిది బాగా తెలుసు. పైరు లేతగా ఉన్నప్పుడే చేలో అక్కడక్కడా కొత్త ఆకులు పసుపు తిరుగుతాయి. ఈనెలు పచ్చగానే ఉంటాయి. ఈనెల మధ్య భాగం వెలిసిపోతుంది. ముదిరితే ఆకు దాదాపు తెల్లబడుతుంది. చీనీ, నిమ్మ తోటల్లోనూ ఇదే తంతు. వ్యవసాయాధికారి చూసి, ఇది తెగులు కాదు, ఇనుప ధాతు లోపం అంటారు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారి చేయమంటారు. చేస్తే పైరు తేరుకుంటుంది.

రైతుకు అంతవరకు చాలు. రసాయన శాస్త్రం చదివినవారికి మాత్రం ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో ఇనుము లేదు. పత్రహరితం 'ఎ' రకం అణువులో 55 కర్బనాలు, 72 హైడ్రోజన్లు, 4 నత్రజనులు, 5 ఆక్సిజన్లు, వీటన్నిటి నడుమ ఒకే ఒక్క మెగ్నీషియం పరమాణువు ఉంటాయి. ఇనుము ఉండేది మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థంలో. మరి పత్రహరితంలో లేనే లేని ఇనుమును చల్లితే ఆకు ఎందుకు పచ్చబడుతోంది?

దీనికి జవాబు తేలాలంటే, మొక్క పత్రహరితాన్ని ఏ సరుకుతో, ఏ వరసలో తయారు చేస్తుందో తెలియాలి. ఆకును ఎంత సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో పెట్టినా ఆ సంగతి కనబడదు. పత్రహరితం అణువు నిర్మాణం తెలిసినా ఉపయోగం లేదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌స్టేటర్ పత్రహరితం మీద చేసిన పనికి 1915లోనే నోబెల్ బహుమతి వచ్చింది. హీమ్ మీద పనిచేసిన హాన్స్ ఫిషర్‌కు 1930లో వచ్చింది. 1960 నాటికి అమెరికాలో ఉడ్‌వర్డ్ పత్రహరితాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసి చూపించాడు. ఆయన నడిచిన దారి మాత్రం రసాయనవేత్త దారి. ఆకు దారి వేరు. ఆకు దారి పట్టించింది ఐసోటోపులు.

ఒకే మూలకానికి చెందిన పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. కర్బనంలో ఎక్కువ భాగం 12 బరువున్నది. వెయ్యింటికి సుమారు పదకొండు మాత్రం 13 బరువున్నవి. నత్రజనిలో వెయ్యింటికి నాలుగు కంటే తక్కువే 15 బరువున్నవి. మామూలువి 14. ఆక్సిజన్‌లో వెయ్యింటికి రెండు 18 బరువున్నవి. బరువు తేడా ఉన్నా రసాయన గుణం దాదాపు ఒకటే. మొక్కకైనా మనిషికైనా తేడా పెద్దగా పట్టదు, రెండింటినీ వాడేసుకుంటాయి. మందలో ఒక గొర్రె వీపున ఎర్రరంగు పూసి వదిలితే, సాయంత్రానికి అది ఎవరి దొడ్లో తేలిందో కనిపెట్టవచ్చు. ఐసోటోపు పని కూడా అదే. బరువైన పరమాణువును మేపి, తర్వాత అది ఏ అణువులో, ఏ మూలన తేలిందో వెతుకుతారు.

ఈ పద్ధతికి ఆద్యుడు హంగరీలో పుట్టిన హెవెసీ. 1923లో ఆయన చిక్కుడు జాతి మొక్క వేళ్ళను రేడియోధార్మిక సీసం కలిసిన నీటిలో ఉంచి, సీసం కాండంలోకి, ఆకుల్లోకి ఎంత పాకిందో కొలిచాడు. ఐసోటోపులతో జీవుల లోపలికి తొంగి చూడటం మొక్కతోనే మొదలైందన్న మాట. అసలు కావలసిన కర్బనానికి మాత్రం సరైన గుర్తు దొరకలేదు. 11 బరువున్న రేడియోధార్మిక కర్బనం ఉండేది కానీ, అది ఇరవై నిమిషాల్లో సగమైపోతుంది. ప్రయోగం సగంలో ఉండగానే సాక్షి మాయం. 1940 ఫిబ్రవరి 27న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మార్టిన్ కామెన్, శామ్యూల్ రూబెన్ 14 బరువున్న కర్బనాన్ని పట్టుకున్నారు. అది సగమవడానికి 5,730 ఏళ్ళు పడుతుంది. తీరుబడిగా వెతకవచ్చు. రూబెన్ మాత్రం దాని ఫలం చూడలేదు. 1943లో విషవాయువు ప్రమాదంలో, ముప్పై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు.

పత్రహరితం కథ ఇక్కడి నుంచి ఒక విచిత్రమైన మలుపు తీసుకుంటుంది. ఆకు గుట్టు విప్పడానికి మొదటి ఆధారం ఆకులో దొరకలేదు, ఒక మనిషి రక్తంలో దొరికింది.

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ షెమిన్ అనే జీవరసాయనవేత్త ఉండేవాడు. గ్లైసిన్ అనే చిన్న అమైనో ఆమ్లాన్ని 15 బరువున్న నత్రజనితో తయారు చేసి, మూడు రోజుల్లో 66 గ్రాములు తానే తిన్నాడు. ఆపైన నెలల తరబడి తన రక్తం తీసి పరీక్షించుకున్నాడు. గుర్తు పెట్టిన నత్రజని హీమ్‌లో కనబడింది. కొన్నాళ్ళు పెరిగింది, చాలాకాలం నిలకడగా ఉంది, తర్వాత తగ్గింది. మనిషి ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 127 రోజులని రిట్టెన్‌బర్గ్‌తో కలిసి 1946లో ఆయన ప్రకటించింది ఈ ప్రయోగంతోనే. ఒక ప్రయోగానికి రెండు ఫలితాలు. కణం ఆయుష్షు తెలిసింది, హీమ్‌లోని నత్రజని గ్లైసిన్ నుంచి వస్తుందనీ తెలిసింది.

షెమిన్ అంతటితో ఆగలేదు. పక్షుల ఎర్ర రక్తకణాలు సీసాలో పోసినా హీమ్ తయారు చేస్తూనే ఉంటాయి. అందుకని బాతు రక్తం పట్టుకున్నాడు. దానికి 14 బరువున్న కర్బనంతో చేసిన పదార్థాలు ఇచ్చి, తయారైన హీమ్‌ను కర్బనం తర్వాత కర్బనంగా విడదీసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తేల్చాడు. ఒక గ్లైసిన్, ఒక సక్సినిక్ ఆమ్లం తాలూకు ముక్క కలిసి అమైనో లెవ్యులినిక్ ఆమ్లం అవుతుందని 1953లో చెప్పాడు. పేరు పొడుగు గనక ప్రయోగశాలల్లో ఎ.ఎల్.ఎ. అంటారు, ఇక్కడా అలాగే అందాం. అలాంటివి ఎనిమిది కలిస్తే హీమ్‌లోని వలయం తయారవుతుంది.

అదే కాలంలో న్యూయార్క్‌లోనే, రాక్‌ఫెల్లర్ సంస్థలో శామ్ గ్రానిక్ క్లోరెల్లా అనే ఒంటికణపు నాచు మీద పని చేస్తున్నాడు. ఎక్స్‌రేలు తగిలించి దానిలో మార్పులు పుట్టించాడు. ఆ మార్పుల్లో పచ్చబడని నాచు ఒకటి దొరికింది. ట్రాంబే అణు పరిశోధనా కేంద్రంలో రేడియేషన్‌తో మార్పులు తెచ్చి, ఏరి, రాయలసీమ రైతులకు అందించిన టి.ఎ.జి. 24 శెనక్కాయ రకం పుట్టుక కూడా ఈ కోవలోదే. గ్రానిక్‌కు కావలసింది దిగుబడి కాదు, తప్పు. ఆయన నాచులో పచ్చదనానికి బదులు ప్రోటోపార్ఫిరిన్ అనే గోధుమవన్నె పదార్థం పేరుకుపోయి ఉంది. అది హీమ్ తయారీలో చిట్టచివరి మజిలీ. దానిలో ఇనుము దూరితే హీమ్. మెగ్నీషియం దూరితే పత్రహరితం వైపు. రక్తం ఎరుపు, ఆకు పచ్చ ఒకే దారిలో వచ్చి, అక్కడ విడిపోతాయని 1948లో గ్రానిక్ ప్రకటించాడు. ఆ మాట ఇవాళ్టికీ నిలబడే ఉంది.

దారి చివర ఒకటే అయినప్పుడు మొదలూ ఒకటే అనుకోవడం సహజం. 1953లోనే క్లోరెల్లాకు గుర్తు పెట్టిన గ్లైసిన్, ఎసిటిక్ ఆమ్లం ఇచ్చి చూసిన పరిశోధకులకు పత్రహరితంలో ఆ గుర్తు కనబడింది కూడా. ఎర్రజాతి కిరణజన్య బ్యాక్టీరియా గ్లైసిన్ నుంచే తన పత్రహరితం చేసుకుంటుందని 1958 నాటికి రూఢి అయింది. రక్తంలో అదే, బ్యాక్టీరియాలో అదే, నాచులో కూడా అలాగే కనబడుతోంది. ఇంకేం కావాలి? మొక్కలు కూడా గ్లైసిన్‌తోనే మొదలుపెడతాయని పాఠ్యపుస్తకాలు రాసేశాయి.

ఒకటే ఇబ్బంది. గ్లైసిన్‌ను ఎ.ఎల్.ఎ.గా మార్చే ఎంజైమ్ పచ్చని మొక్కల్లో ఎంత వెతికినా నమ్మకంగా దొరకలేదు. ఎంజైమ్ సున్నితమైంది, ఆకు పిండగానే చెడిపోతోంది అని సరిపెట్టుకున్నారు. ఆధారం దొరకనప్పుడు ఊహను అనుమానించే బదులు పరికరాన్ని అనుమానించడం శాస్త్రజ్ఞులకూ ఉన్న అలవాటే.

ఈ ప్రశ్నను ఆకునే అడిగి తేల్చినవారు కాలిఫోర్నియాలోని డేవిస్‌లో శామ్యూల్ బీల్, పాల్ కాస్టెల్‌ఫ్రాంకో. వారి పద్ధతి అర్థం కావాలంటే మొలకల సంగతి కొంచెం చెప్పుకోవాలి. పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం అందరూ చూసిందే. ఆ పాలికను చీకటి గదిలో వదిలేస్తే మొలకలు సన్నగా, పొడుగ్గా, పసుపుగా సాగుతాయి. పత్రహరితం తయారీలో చివరి అంచెల్లో ఒకటి వెలుతురు లేనిదే జరగదు, పూలు పూసే మొక్కలన్నిటికీ ఇదే నియమం. ఎండలోకి తెస్తే కొద్ది గంటల్లో పచ్చబడతాయి. అంటే ఆ కొద్ది గంటల్లోనే ఆకు పత్రహరితాన్ని ముమ్మరంగా తయారు చేస్తుంది. గుర్తు పెట్టిన సరుకు అందించడానికి అంతకంటే మంచి అదను లేదు. పత్రహరితం పరిశోధనలో చీకట్లో పెంచిన బార్లీ, దోస, మొక్కజొన్న మొలకలే అడుగడుగునా కనబడటానికి కారణం ఇదే.

బీల్, కాస్టెల్‌ఫ్రాంకో దోస మొలకల తొలి ఆకులు తీసుకున్నారు. ఎ.ఎల్.ఎ. తయారైన మరుక్షణమే తర్వాతి అంచెకు వెళ్ళిపోతుంది గనక దాన్ని ఆపాలి. లెవ్యులినిక్ ఆమ్లం అనే మందుతో తర్వాతి అంచెను అడ్డుకున్నారు. ఎ.ఎల్.ఎ. పేరుకుంది. ఇక గుర్తు పెట్టిన గ్లైసిన్ ఇచ్చి చూశారు, సక్సినిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. ఎ.ఎల్.ఎ.లోకి వచ్చిన గుర్తు అంతంతమాత్రం. గ్లుటామిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు మాత్రం దండిగా వచ్చింది. 1974లో అచ్చైన ఈ ఫలితం పాఠ్యపుస్తకాలకు ఎదురు తిరిగింది. గ్లుటామిక్ ఆమ్లం అంటే తెలియనిదేమీ కాదు, వంటల్లో కొందరు వాడే టేస్టింగ్ సాల్ట్‌లో ఉండేది దాని లవణమే.

అయినా సందేహానికి చోటుంది. గ్లుటామిక్ ఆమ్లం ముందు సక్సినిక్ ఆమ్లంగా మారి, తర్వాత షెమిన్ చెప్పిన దారిలోనే పోయి ఉండవచ్చు కదా? దీన్ని తేల్చిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది. గ్లుటామిక్ ఆమ్లంలో కర్బనాలు ఐదు. వాటికి 1 నుంచి 5 దాకా వరస నంబర్లు ఉంటాయి. షెమిన్ దారిలో పోవాలంటే 1వ కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోక తప్పదు. కాబట్టి గుర్తు 1వ కర్బనానికి మాత్రమే పెట్టి ఇస్తే, ఎ.ఎల్.ఎ.లో గుర్తు కనబడకూడదు. అలా కాక, ఐదు కర్బనాల గొలుసు చెక్కుచెదరకుండా ఎ.ఎల్.ఎ.గా మారితే, ఆ గుర్తు ఎ.ఎల్.ఎ.లోని 5వ స్థానంలో తేలాలి. పచ్చబడుతున్న బార్లీలో చూశారు. తయారైన ఎ.ఎల్.ఎ.ను పెరయోడేట్‌తో కోస్తే 5వ కర్బనం ఫార్మాల్డిహైడ్‌గా విడిగా వస్తుంది. గుర్తు సరిగ్గా అందులో ఉంది. ఆకు గ్లైసిన్ జోలికి పోవడం లేదు.

ఈ ఫలితంతో 1975లో వచ్చిన వ్యాసం రచయితల్లో బీల్, గఫ్‌లతో పాటు మూడో పేరు శామ్ గ్రానిక్. పాత దారి పటం గీసినవారిలో ఒకడు, దానిలో మొదటి మజిలీ కొట్టేసి కొత్తది రాయడంలోనూ చేయి వేశాడు. ఇలాంటివి శాస్త్ర చరిత్రలో అరుదు. పటం గీసినవారు సాధారణంగా దాన్ని కాపాడుకునే పనిలో ఉంటారు.

మరి 1953లో నాచులో గ్లైసిన్ గుర్తు ఎందుకు కనబడింది? దాని సంగతి తేలడానికి ఇంకో పరికరం రావలసి వచ్చింది. 13 బరువున్న కర్బనం రేడియోధార్మికం కాదు, కానీ అయస్కాంత క్షేత్రంలో పెట్టి రేడియో తరంగాలు పంపితే, అణువులో తాను ఏ స్థానంలో ఉన్నదీ చెబుతుంది. అణువును ముక్కలు చేయనక్కరలేదు. ఎన్.ఎం.ఆర్. అనే ఈ పద్ధతితో 1982లో జపాన్ పరిశోధకులు నాచులోనూ, 1983లో పోర్రా, క్లైన్, రైట్ అనే ముగ్గురు మొక్కజొన్నలోనూ పత్రహరితాన్ని చదివారు. గ్లైసిన్ ఇచ్చిన ఆకులో వలయమంతా ఖాళీ. గుర్తు ఒకే ఒక్క చోట ఉంది. వలయానికి పక్కన అతికించిన చిన్న మిథైల్ కొసలో. గ్లైసిన్ నిజంగానే పత్రహరితంలోకి వచ్చింది, కానీ మూలసరుకుగా కాదు, చివర్న తగిలించిన అలంకారంగా. గుర్తు ఉందా లేదా అని మాత్రమే చూసినంతకాలం లెక్క తప్పింది. ఏ మూలన ఉందని అడిగాక సరిపోయింది.

అయితే షెమిన్ చెప్పింది తప్పు కాదు. మన ఒంట్లో హీమ్ ఇప్పటికీ గ్లైసిన్‌తోనే మొదలవుతుంది. యూగ్లీనా అనే జీవి ఉంది, చెరువు నీళ్ళలో పచ్చగా ఈదుతుంటుంది. దానిలో రెండు దారులూ ఉన్నాయని 1983లో బయటపడింది. మైటోకాండ్రియా కోసం హీమ్ గ్లైసిన్ నుంచి, హరితరేణువులో పత్రహరితం గ్లుటామిక్ ఆమ్లం నుంచి. ఒకే కణంలో రెండు వంటిళ్ళు. ఇక గ్లుటామిక్ ఆమ్లం ఎ.ఎల్.ఎ.గా మారేటప్పుడు ముందుగా ఒక ఆర్.ఎన్.ఎ. అణువును ఎక్కి కూర్చుంటుందని 1986లో తేలినప్పుడు జీవరసాయనవేత్తలు నోరెళ్ళబెట్టారు. ప్రోటీన్ల తయారీలో అమైనో ఆమ్లాలను మోసే ఆర్.ఎన్.ఎ.కు రంగు తయారీలో ఏం పని? ఉంది.

ఇప్పుడు ఇనుము ప్రశ్నకు రావచ్చు. ప్రోటోపార్ఫిరిన్‌లోకి మెగ్నీషియం చేరాక, అంచున మిథైల్ కొస అతుక్కున్నాక, పత్రహరితానికి మాత్రమే ఉండే ఐదో వలయం ఏర్పడాలి. హీమ్‌కు అది ఉండదు. 1982లో కాస్టెల్‌ఫ్రాంకో బృందం మొక్కజొన్న, చిక్కుడు, బార్లీ, పాలకూర, బీట్‌దుంప మొక్కలను ఇనుము లేకుండా పెంచింది. పత్రహరితం తగ్గింది. దానికి బదులు, ఐదో వలయం ఏర్పడడానికి ముందున్న పదార్థం పోగుపడింది. నీళ్ళలో పెరిగే మొక్కలకు ఆక్సిజన్ తగ్గించినా అదే జరిగింది. అంటే ఆ వలయాన్ని కట్టే ఎంజైమ్‌కు ఇనుమూ, ఆక్సిజన్ రెండూ కావాలి. ఇనుము అణువులో భాగమై కూర్చోదు. కట్టే పనిముట్టులో ఉంటుంది.

ఆక్సిజన్ అవసరమంటే గాలిలోని ఆక్సిజన్ నిజంగా పత్రహరితంలోకి వెళుతోందా, లేక పక్కన నిలబడి సాయం చేస్తోందా? దీనికి 18 బరువున్న ఆక్సిజన్ సాక్ష్యం చెప్పింది. పచ్చబడుతున్న దోస మొలకల్లోంచి తీసిన హరితరేణువులకు అలాంటి ఆక్సిజన్ గాలి అందించి, తయారైన పదార్థాన్ని తూచే యంత్రంలో పెట్టి 1989లో వాకర్, కాస్టెల్‌ఫ్రాంకో తదితరులు చూశారు. ఐదో వలయంలోని ఆక్సిజన్ గాలిలోంచే వచ్చింది. అదే వలయాన్ని కొన్ని ఎర్రజాతి బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌తో కడతాయని పోర్రా ఆ తర్వాత అదే 18 బరువు పద్ధతితో చూపించాడు. బ్యాక్టీరియాను చూసి ఆకు సంగతి రాసేయడం ఎంత ప్రమాదమో ఇది రెండోసారి రుజువు చేసింది. అన్నభేది పిచికారి చేశాక ఆకు పచ్చబడటానికి ఇదొక్కటే కారణం కాదు. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లు మోసే ప్రోటీన్లలో చాలావాటికి ఇనుము కావాలి. కానీ పత్రహరితం తయారీ ఎక్కడ ఆగిపోతుందని అడిగితే, వేలు పెట్టి చూపించగల చోటు ఇదే.

ఇంతవరకు చెప్పుకున్నది చాలావరకు న్యూయార్క్, డేవిస్ ప్రయోగశాలల మాట. రాయలసీమలోని తిరుపతికి కూడా ఈ ఐసోటోపు విద్యతో సంబంధం లేకపోలేదు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, వృక్షశాస్త్ర విభాగంలో ఆచార్య వి.ఎస్. రామదాస్ కిరణజన్య సంయోగక్రియ మీద ఒక పరిశోధక బృందాన్నే తయారు చేశారు. వారిని ఆకర్షించింది పత్రహరితం పుట్టుక కాదు. పచ్చబడిన ఆకు గాలిలోని కర్బనాన్ని మొదట ఏ రూపంలో పట్టుకుంటుందన్నది వారి ప్రశ్న. ప్రశ్న వేరైనా పనిముట్టు ఒకటే.

ఆకుకు 14 బరువున్న కర్బనంతో చేసిన కార్బన్ డయాక్సైడ్ కొన్ని సెకన్లు పట్టించి, వెంటనే వేడి ఆల్కహాల్‌లో ముంచి, గుర్తు మొదట ఎక్కడ చేరిందో చూడటం కాల్విన్, బెన్సన్ బృందం నేర్పిన విద్య. దానికి కాల్విన్‌కు 1961లో నోబెల్ వచ్చింది. చాలా మొక్కల్లో మొదట కనబడేది మూడు కర్బనాల ఆమ్లం. చెరకులో అలా కాదని హవాయిలోని పరిశోధకులు 1965లో ప్రకటించారు. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో దాన్ని వివరంగా నిలబెట్టారు. చెరకులో మొదట వచ్చేది నాలుగు కర్బనాల ఆమ్లం. అందుకే మొక్కల్లో సి-3, సి-4 అని రెండు తెగలు. చిత్తూరు బెల్లం సి-4 సరుకు, శెనక్కాయ సి-3.

ఈ రెండు తెగలకూ మధ్య ఏదైనా ఉందా? తిరుపతి బృందం దాన్ని ఖరీదైన పంటల్లో కాక, బీడు భూముల్లో, గట్ల మీద పెరిగే కలుపు మొక్కల్లో వెతికింది. మొల్లుగో న్యూడికాలిస్ అనే చిన్న కలుపు మొక్కలో లేత ఆకులు సి-3 పద్ధతిలో, ముదురు ఆకులు సి-4 పద్ధతిలో, నడిమి ఆకులు మధ్యస్థంగా పనిచేస్తున్నాయని రాఘవేంద్ర, రాజేంద్రుడు, రామదాస్ 1978లో నేచర్ పత్రికలో రాశారు. తిరుపతి గట్టు మీది కలుపు మొక్క ప్రపంచంలోని అగ్రశ్రేణి సైన్స్ పత్రికకు ఎక్కింది. ఆ తర్వాతి పరిశోధనలు ఆ మొక్కను మధ్యస్థ జాతుల్లోనే చేర్చాయి.

1986లో రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో మన పొన్నగంటి కూర బంధువుల సంగతి చెప్పారు. పొన్నగంటి ప్రజాతి పేరు ఆల్టర్నాంథెరా. అందులో ఫైకాయిడిస్, టెనెల్లా అనే రెండు జాతులు సి-3కీ సి-4కీ నడుమ ఉన్నాయని ఆకు లోపలి నిర్మాణం, ఎంజైములు, కార్బన్ డయాక్సైడ్ కొలతలు కలిపి నిరూపించారు. పోలికకు వారు ఎంచుకున్నది ఒకవైపు దారి పక్కన పెరిగే గడ్డి చామంతి, ఇంకోవైపు ముళ్ళుండే ఆల్టర్నాంథెరా పంజెన్స్. ఈ బృందంలోని రాఘవేంద్ర తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1998లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన కిరణజన్య సంయోగక్రియ బృహద్గ్రంథానికి సంపాదకుడయ్యారు.

ఇక మూడో అంకం శెనక్కాయ చేలోనే జరిగింది. ఇందులో ఎవరూ గుర్తు పెట్టలేదు. గుర్తు ప్రకృతే పెట్టి ఉంచింది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌లో 13 బరువున్న కర్బనం కొంత ఎప్పుడూ ఉంటుంది. సి-3 మొక్కలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఎంజైమ్ తేలికైన 12కే మొగ్గు చూపుతుంది. ఆకు రంధ్రాలు బాగా తెరిచి ఉన్నప్పుడు ఎంచుకోవడానికి వెసులుబాటు ఎక్కువ, బరువైనదాన్ని వదిలేస్తుంది. నీరు పొదుపు చేస్తూ ఆకు బిగదీసుకుని ఉన్నప్పుడు లోపల ఉన్నదే వాడుకోవాలి. బరువైనది కూడా చేరిపోతుంది. అంటే ఎండబెట్టిన ఆకు పొడిలో 13 బరువు కర్బనం ఎంత ఉందో చూస్తే, ఆ మొక్క పంటకాలమంతా నీటిని ఎలా ఖర్చు పెట్టిందో తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో ఫార్కర్ 1980లలో ఈ సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. క్వీన్స్‌లాండ్‌కు చెందిన గ్రేమ్ రైట్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థలో పనిచేసిన ఆర్.సి. నాగేశ్వరరావు దాన్ని వేరుశనగకు వర్తింపజేసి, ఫార్కర్‌తో కలిసి 1994లో ఫలితాలు ప్రచురించారు.

వాన మీద ఆధారపడే చేలకు ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఇబ్బంది ఖర్చుది. 13 బరువు కర్బనాన్ని కొలిచే యంత్రం ప్రతి పరిశోధనా స్థానంలో ఉండదు. వేల మొక్కల్లోంచి మంచిది ఏరాల్సిన ప్రజననకారుడు ఒక్కో ఆకుకూ అంత ఖర్చు భరించలేడు. ఇక్కడే పత్రహరితం మళ్ళీ రంగంలోకి వచ్చింది. నీటిని పొదుపుగా వాడే వేరుశనగ రకాల ఆకు మందంగా ఉంటుంది, ఆ మందంలో పత్రహరితం దట్టంగా ఉంటుంది. ఆకుకు తగిలించే చిన్న మీటరుంది, స్పాడ్ అంటారు. 650, 940 నానోమీటర్ల వెలుగు ఆకులోంచి ఎంత బయటికి వచ్చిందో చూసి పచ్చదనాన్ని ఒక అంకెగా చెబుతుంది. ఆ అంకెకూ ఆకు మందానికీ, ఆకు మందానికీ 13 బరువు కర్బనానికీ లంకె ఉందని చూపించాక, లక్షల విలువైన యంత్రం బదులు చేత్తో పట్టుకునే మీటరు చాలని తేలింది. నాగేశ్వరరావు, తల్వార్, రైట్ ఈ మీటరు వాడకం గురించి 2001లో రాశారు.

వేరుశనగలో ఈ పద్ధతిని పరీక్షించడానికి ఆస్ట్రేలియా సహకారంతో ఒక పథకం నడిచింది. అందులో తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కూడా ఒక కేంద్రం. 2002 ఫిబ్రవరి చివర్లో పటాన్‌చెరులో జరిగిన సదస్సులో తిరుపతి శాస్త్రజ్ఞులు తమ చేలలోని ఫలితాలు వినిపించారు. పోటీ రెండు పద్ధతుల మధ్య. ఒకటి మీటరు అంకె, నీటి వాడకం లాంటి లక్షణాలు కొలిచి మొక్కలను ఏరడం. రెండోది పాతకాలపు పద్ధతి, ఏ మొక్కకు కాయలు బాగా ఉన్నాయో చూసి దాన్నే ఏరడం. అన్ని కేంద్రాల ఫలితాలూ కలిపి చూస్తే, కొలిచి ఏరిన మొక్కలు కాయ చూసి ఏరిన మొక్కల మీద ప్రతిచోటా పైచేయి సాధించలేదు. కొన్ని చోట్ల ఇది, కొన్ని చోట్ల అది. దాంతో ప్రజననకారులు మీటరును పక్కన పడేయలేదు, కాయ లెక్కనూ వదలలేదు. వేల మొక్కలున్న తొలి తరాల్లో ఆకుకు మీటరు తగిలించి కొన్నిటిని తీసేయడం, మిగిలినవాటిని చేలో ఎండకు వదిలి, చివరికి పీకి కాయలు తూచడం ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతి. మీటరు చదివేటప్పుడు కొమ్మ కొస నుంచి రెండో ఆకునే పట్టుకోవాలి, ఇనుము లోపంతో పసుపు తిరిగిన మొక్కలను లెక్కలోంచి తప్పించాలి.